సముద్రం సార్ సెలవు

మా ఎదురింటోళ్లు ఇల్లు కడుతున్నరు. వాకిట్ల ఉసికె కుప్ప పోయించిన్రు. ఉసికె కనబడితే పోరగాండ్లు ఆగుతరా? మొన్న పొద్దుగాల నేను అరుగు మీద కూసోని చాయ తాగుతుంటే, గా కుప్పల ఎదురింటి చిన్నపిల్లను పండవెట్టి, మెడదాక ఉసికె కప్పి, చుట్టు కూసోని చప్పట్లు కొడుతున్నరు. పిల్ల సుతం కిలకిల నవ్వుతున్నది. గంతలనే దాని తల్లి బయటికొచ్చింది. చేతిల చీపురు తిరగేసి, "ఓ మీ నోట్ల మన్నువడ! బతికున్న పిల్లను బొందపెడుతున్నరార్రా? లేవే, లేవే! పోయి నెత్తిమీద నీళ్లు పోసుకో పో!" అని ఒర్లింది. పోరగాండ్లు తలో దిక్కు ఉరికిన్రు.

నాకు నవ్వాగలే. చాయ ముక్కులకు పోయింది. మా కోడలు లోపలి నుంచి ఉరికొచ్చి, "ఏమైంది మామా?" అని అడిగింది. ఏం చెప్పాలె? "ఏం లేదు బిడ్డా, సముద్రం సార్ యాదికొచ్చిండు" అన్న. అన్నంక నవ్వు పోయింది. ఆ మనిషి యాదికొస్తే నాకెప్పుడు గింతే. ముందుగాల నవ్వొస్తది, ఎన్క శరమొస్తది. శరమే ఎక్కువసేపు కూసుంటది.

సముద్రం సార్ అంటే సౌదీల మా ఫోర్‌మన్. తెల్లోడు. పేరుండె గని మా నాలికకు తిరగకపోయేది. ఎప్పుడు నోరు తెరిచినా సముద్రం ముచ్చటే చెప్తడు గనుక మేమే ఆ పేరు పెట్టుకున్నం. జుబైల్ దాటినంక సముద్రం ఒడ్డు పొంటి పైపులైన్ పని నడుస్తుండె. ఉప్పునీళ్లను తాగే నీళ్లు చేసే కార్ఖానా ఒకటి కడుతున్నరు, దానికి పైపులు. మనిషి నిలవడి నడిచిపోయేటంత పైపులు. మా గుంపుల జగిత్యాల, సిరిసిల్ల దిక్కోళ్లమే ఎక్కువ. నాకు పెద్దదిక్కు మల్లయ్య మామ. మా పక్కూరాయన, వయసుల పెద్దోడు, ఏ పనికైనా వారం వర్జ్యం చూసే మనిషి. ఇంకొకడు ఖాదర్ భాయ్, హైదరాబాద్ ఆయన, కంపెనీ బస్సు డ్రైవర్. ఇంగ్లీష్ వచ్చు గనుక సార్‌కు మా మాట, మాకు సార్ మాట ఆయన నోట్లకెల్లే రావాలె.

సార్‌కు కోపం తక్కువ. పైపు వంకరగ దించినా తిట్టకపోయేది, పక్కకొచ్చి నిలవడి తల గోక్కునేది. గని ఒక్క మాటకు మాత్రం ఎర్రగయ్యేది. ఎవడన్న "ఇంగ్లండ్ సార్" అన్నడా, ఇగ అయిపోయింది. "ఇంగ్లండ్ మాఫీ! వేల్స్! వేల్స్!" అని వేలు చూపెట్టి మరీ చెప్పేది. మాఫీ అంటే అరబ్బుల లేదు, కాదు అని. మల్లయ్య మామ, "గంత కోపమెందుకు ఖాదర్? రెండొక్కటే గదా" అంటే, ఖాదర్ భాయ్ నవ్వి, "నిన్ను ఎవడన్న విజయవాడోడా అని పిలిస్తే నీకెట్లుంటది మామా?" అన్నడు. గంతే. మామ ఇంకెన్నడు సార్ ముంగట ఇంగ్లండ్ అనలే.

శుక్రారం మాకు సెలవు. వేరే తెల్లోళ్లు వాళ్ల కాంపౌండ్ల ఈతకొలను కాడ ఉండేది. ఈయనెందుకో గాళ్లతోటి కలవకపోయేది. జుమ్మా నమాజ్ అయినంక ఖాదర్ భాయ్‌ను వెంటేసుకొని మా క్యాంపుకు వచ్చేది. వచ్చుడు ఏ వేషంల? ప్యాంటు మోకాళ్ల దాక మలిచి. గా కాళ్లు చూడాలె, గీరిన ముల్లంగి లెక్క. చేతిల ఒక బకెట్, ఒక చిన్న పార. నెత్తిమీద తెల్ల దస్తి. దాన్ని ఊరికే కప్పుకోడు, నాలుగు కొసలకు నాలుగు ముడులేసి టోపీ లెక్క పెట్టుకుంటడు. వారమంత మా మీద హుకుం నడిపే మనిషి, శుక్రారం గట్ల వచ్చి గేటుకాడ నిలవడి "యల్లా! హాలిడే!" అని పిలిచేది. మేము సిగ్గుతోటి నోరు మూసుకొని నవ్వేది. ఆయనకు మాత్రం సిగ్గే లేకుండె. గప్పుడు.

సముద్రం అంటే మాకేం తెలుసు? మా బతుకుల చెరువు చూసినం, గోదారి చూసినం. ఒడ్డుకు తీసుకపోయి దించితే, సరే, చూసినం, ఇగ పోదామా అన్నట్టు నిలవడ్డం. సార్‌కు గది నచ్చలే. ఆయన లెక్కల సెలవు అంటే పనిలేక కూసునుడు కాదు. దానికి వరుస ఉన్నది. ముందుగాల ఒడ్డు పొంటి చాన దూరం నడవాలె, గాలి ఎదురొచ్చినా ఆగొద్దు. ఎన్క రాళ్ల సందులల్ల దారానికి మాంసం బొక్క కట్టి ఎండ్రికాయలు పట్టాలె, పట్టి లెక్కజూసి మళ్ల నీళ్లల్లనే ఇడువాలె. "ఇడిసేదానికి పట్టుడెందుకు?" అని మామ అడిగితే, "హాలిడే" అన్నడు సార్. ఆయన దేశంల గవ్వలల్ల పురుగులను ఉడకవెట్టి మిర్యాలు చల్లి తింటరట. మామ థూ అని ఊంచిండు.

గాడిదల ముచ్చట సుతం చెప్పిండు. వాళ్ల సముద్రం కాడ గాడిదలను వరుసగ నిలవెట్టి ఉంచుతరట, పిల్లలు ఎక్కి ఒడ్డు మీద తిరుగుతరట. ఖాదర్ భాయ్ ఇది చెప్పంగనే మా గుంపంత పగలబడి నవ్వింది. మా దిక్కు మనిషిని గాడిద మీద ఎక్కించుడు ఎప్పుడు? ఊరి ముంగట ఇజ్జత్ తీయాలంటే, బోడిగుండు చేసి సున్నం బొట్లు పెట్టి ఎక్కిస్తరు. సార్‌కు గది చెప్తే, సోంచాయించి సోంచాయించి, "అయితే మా నాయిన నా ఇజ్జత్ మస్తుసార్లు తీసిండు" అని ఆయన సుతం నవ్వుల పడ్డడు.

మామ అన్నిట్ల కలిసేది గని నీళ్లల్ల మాత్రం కాలు పెట్టకపోయేది. శుక్రారం, మంగళారం సముద్రాన్ని ముట్టొద్దని పెద్దలు చెప్పిన్రట. సౌదీల సెలవు వచ్చేదే శుక్రారం. ఇగ మామకు సముద్రం దొరికేదెన్నడు? సార్‌కు గీ ముచ్చట తెలిసి ఒకసారి బకెట్‌ల నీళ్లు పట్టుకొచ్చి మామ ముంగట పెట్టిండు. "బకెట్‌ల ఉన్నది సముద్రం కాదు గదా?" అని అడిగిచ్చిండు. మామ చానసేపు బకెట్ దిక్కు చూసి, "ఆవు చిన్నగున్నా ఆవే అంటరు గని, మేక అంటరా?" అన్నడు. ఖాదర్ భాయ్ దాన్ని ఇంగ్లీష్‌ల ఎట్ల చెప్పిండో నాకు తెల్వది. సార్ మాత్రం బకెట్ తీసుకపోయి బుద్ధిగ సముద్రంల పోసొచ్చిండు.

ఇగ బొందపెట్టిన కథ. ఒక శుక్రారం సార్ పారతోటి ఉసికెల పొడుగ్గ గుంత తవ్విండు. తవ్వి, అండ్ల ఎల్లెలకల పండుకొని, మీద ఉసికె కప్పున్రి అని సైగ చేసిండు. మాకు చెమటలు పట్టినయ్. ఎవ్వడు కదలలే. మల్లయ్య మామ ముందటికొచ్చి వంగి, చాన నిమ్మలంగ, "సారూ, ఏం బాధొచ్చింది నీకు? ఇంటికాడ ఏమన్న లొల్లా?" అని అడిగిండు.

ఖాదర్ భాయ్ నవ్వలేక చచ్చిండు. "మామా, గది ఆట. వాళ్ల దేశంల సెలవుకు పోతే పిల్లలు నాయినను గిట్ల ఉసికెల కప్పుతరట."

"తండ్రిని పిల్లలు బొందపెడుతరా?" మామ నోరు తెరిచిండు. "కాలమస్తె పెడుతరు. సెలవుకు పోయి పెడుతరా?"

ఆఖరుకు వయసు పోరగాండ్లు కొందరు ధైర్యం చేసి కప్పిన్రు. మామ అటు తిరిగి నిలవడ్డడు. ఉసికెల నుంచి సార్ తల ఒక్కటే పైకి, దాని మీద ముడుల దస్తి, పండ్లన్ని బయటవెట్టి నవ్వు. ఆయన లేచి దులుపుకొని చాయ పెట్టమన్నడు. గప్పుడు మొదలైంది అసలు లొల్లి. "బొందపెట్టినంక తానం చెయ్యకుండ నోట్ల నీళ్లెట్ల పోసుకుంటర్రా?" అని మామ. తానం చెయ్యాలంటే సముద్రాన్ని ముట్టొద్దాయె. మామ ఇటుచూసిండు, అటుచూసిండు, బస్సుల ఉన్న మంచినీళ్ల క్యాన్ పట్టుకొచ్చి చెంబెడు నెత్తిన పోసుకున్నడు. మా అందరి నెత్తిన ఇంతింత పోసిండు. క్యాన్ అయిపోయింది. సార్ బిత్తరపోయి చూసి, "చాయ?" అని అడిగిండు. "చాయ ఖలాస్ సార్" అన్నడు ఖాదర్ భాయ్. సంగతి తెలిసినంక సార్ నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు. గా దినం మేము చాయ లేకుండనే క్యాంపుకు పోయినం.

గింత నవ్వించిన మనిషి. ఇగ శరం ముచ్చటకు వస్తున్న.

ఇరాకోళ్లు కువైట్‌ల జొరబడ్డంక మాకు పాణం పాణంల లేకుండె. మా పాస్‌పోర్టులన్ని దమ్మామ్ ఆఫీసుల కంపెనీ తాళంల ఉన్నయ్. యుద్ధమైతే ఎటు ఉరకాలె? పైపులు దించుకుంటనే గాలిల ఇమానం సప్పుడైతే అందరం మీదికి చూసేది. చలికాలమొచ్చింది. ఒక శుక్రారం సముద్రం కాడ ఉంటే వాన పట్టుకున్నది. ఆ దేశంల వానంటే ఎప్పుడో ఒకసారి. మేము బస్సు దిక్కు ఉరికినం. సార్ మాత్రం లేవలే. టోపీ దస్తి నానుతున్నా కూసోని, రా రా అని చెయ్యి ఊపిండు. "మా కాడ సెలవంటే ఇదే! వానొచ్చిందని లేచి పోతే ఇగ సెలవే ఉండది!" అని పిలిచిండు. ఒక పెద్ద తాటిపత్రి కింద అందరం దగ్గర దగ్గర ముడుచుకొని కూసున్నం. చాయల వాన చుక్కలు పడుతున్నయ్. గప్పుడు ఆయన వాళ్ల నాయిన ముచ్చట చెప్పిండు.

వాళ్ల నాయిన బొగ్గుబాయిల పనిచేసేదట. ఏడాదికోసారి బాయి బందు పెట్టి, ఊరంత ఒక్కటే దినం సముద్రానికి పోయేదట. ఏడాదంత భూమి కింద ఉన్న మనిషి, ఒడ్డు మీద ప్యాంటు మలిచి, దస్తికి ముడులేసి, పిల్లలతోటి ఉసికె కప్పిచ్చుకొని నవ్వేదట. గా వేషం ఆయనదే, నాది కాదు అన్నడు సార్.

బొగ్గుబాయి అనంగనే మల్లయ్య మామ మొఖం వెలిగింది. "మా తమ్ముడు గోదావరిఖని దిక్కు బొగ్గుబాయిల సర్దార్! మీ నాయినేం పని చేసేది?"

ఖాదర్ భాయ్ అటిటు అడిగి, "అదే పని మామా. కింద పనోళ్లను చూసుకునే పెద్దమనిషి" అన్నడు.

"అయితే ఆఖరుకు ఎక్కేటోడు" అన్నడు మామ. మాకు సమజు చేసి చెప్పిండు. బాయిల ఏమన్న అయితే సర్దార్ ముందుగాల ఎక్కడు. తన మనుషులందరిని పైకి తోలినంకనే ఆయన ఎక్కుతడు. గది చట్టం కాదు, గంతకన్న ఎక్కువ. ఖాదర్ భాయ్ చెప్తే సార్ గట్టిగ తల ఊపిండు. మామ చెయ్యి పట్టుకున్నడు. "నేను సుతం గంతే. ఏమన్న అయితే ముందుగాల మిమ్ముల పంపుత. పాస్‌పోర్టులు తెప్పిచ్చే పూచీ నాది. ఆఖరుకు నేనెక్కుత." వానల నానుకుంట గీ మాట అన్నడు. మేము అడగలే. ఆయనే అన్నడు.

గా మాట మీద మేము గుండె నిండ గాలి పీల్చుకున్నం. ఇండ్లకు ఉత్తరాలు రాసినం, బుగులు పడకున్రి, మా సార్ మంచోడు అని.

జనవరిల ఒక పొద్దుగాల పనికి పోయేసరికి సార్ గదికి తాళమున్నది. గడప పక్కకు బకెట్, పార. ఖాదర్ భాయ్ బస్సు తెచ్చి నిలిపి, దిగకుండ స్టీరింగ్ మీద తల పెట్టుకొని కూసున్నడు. తెల్లోళ్లందరిని రాత్రే ఇమానం కాడికి తోలిన్రట.

"మన సార్ పోయి ఉండడు" అన్నడు మల్లయ్య మామ.

"పోయిండు మామా."

"సూసినవా?"

"నా కండ్లతోటి చూసిన. మొదటి బస్సుల ఎక్కిండు."

మామ గడప కాడికి పోయిండు. బకెట్ తీసి గోడకు ఆనిచ్చి పెట్టిండు.

యుద్ధం ఎట్ల గడిచిందో చెప్పాలంటే ఇంకో కథ. సైరన్ మొగితే మేము దించకుండ మిగిలిన పైపులల్ల దూరేది. విషగాలి ఇడుస్తరని మొఖానికి తడి తువ్వాల. తెల్లోళ్లకు ఇచ్చిన మాస్కులు మాకెవడిస్తడు? ఒకసారి పైపుల చీకట్ల కూసున్నప్పుడు మామ నాతోటి అన్నడు, "బొగ్గుబాయి లెక్కనే ఉన్నదిరా రాజేశా. పైకెల్లి పిలిచేటోడే లేడు." గా మాట ఇని మా గుంపుల ఒకడు సార్‌ను అమ్మనాబూతులు తిట్టిండు. ఎవ్వరం వద్దనలే. మా పుణ్యాన మాకెవ్వరికేం కాలే.

యుద్ధం ఒడిసి, ఎండలు మొదలైనంక సార్ తిరిగొచ్చిండు.

గా వచ్చుడు చూడాలె. గాడిద మీద ఎక్కిచ్చి ఊరేగిచ్చినా మనిషి గట్ల ఉండడు. తల ఎత్తడు. మా మొఖాలు చూడడు. చెప్పాల్సిన పని పైపుకు చెప్పినట్టు చెప్తడు. దస్తి లేదు, సముద్రం లేదు, యల్లా లేదు. ఒక్కటి మాత్రం కొత్తగ మొదలువెట్టిండు. ప్రతిదానికి ఆఖరుకు ఉండుడు. పొద్దుమూకి మేమందరం బస్సెక్కేదాక తలుపు కాడ నిలవడేది, ఎక్కినంక తానే తలుపు మూసి ఎన్క జీపుల వచ్చేది. నీళ్ల క్యాన్ వస్తే మేము తాగినంకనే తాగేది. క్రేన్ కింద ఒక్క మనిషున్నా తాను పక్కకు రాకపోయేది. అన్నీ అయిపోయినంక వచ్చి ఆఖరుకు నిలవడితే ఏం లాభం? మాకు మండేది. "ఆఖరు సార్" అని పేరు మార్చినం, ఆయనకు ఇనబడేటట్టే అనుకునేది.

మండేది అన్న గని, నిజం చెప్పాల్నంటే మాకు గా సిగ్గు తియ్యగుండె. లేటుగ పోయినా ఏమనడు. నీడకు పోయి గంట పండుకున్నా ఏమనడు. మేము కొర్రున చూస్తే చాలు, తలకాయ వంచుకొని పక్కకు పోతడు. జిందగీల ఏ పెద్దమనిషి మా ముంగట గట్ల తల వంచలే. మస్తు వాడుకున్నం. ఒక దినం గట్లనే నీడకు పండుకొని నవ్వుకుంటుంటే మల్లయ్య మామ వచ్చి మా కాళ్ల మీద తన్నినంత పని చేసిండు. "వాళ్ల దేశంల గాడిదలు ఎక్కుతరంటే నవ్విన్రు గదర్రా. మీరేం చేత్తున్నరు? మనిషిని గాడిదను చేసి ఎక్కి తిరుగుతున్నరు. థూ, మీ బతుకులు చెడ!" అన్నడు. మేము లేచి పనికి పోయినం.

ఆ వారమే, శుక్రారం, సార్ క్యాంపు గేటు కాడికి వచ్చిండు. ప్యాంటు మలవలే. చేతిల పార ఒక్కటే. పిలవలే సుతం. ఊరికే నిలవడ్డడు. మా గదులల్ల నుంచి అందరికి కనబడుతున్నడు. దుప్పటి కప్పుకున్నోడు కప్పుకున్నడు, బట్టలు ఉతికెటోడు ఉతుకుతున్నడు. ఎవ్వడు లేవలే. గంత ఎండల గా మనిషి గట్ల నిలవడుడు చూడలేక నేను కిటికి కాడికెల్లి పక్కకు జరిగిన. ఆఖరుకు మామ తువ్వాల భుజమ్మీదేసుకొని, "పా రాజేశా" అన్నడు. ఖాదర్ భాయ్ బస్సు తీసిండు.

సముద్రం గా సముద్రం కాదు. యుద్ధంల ముడి నూనె నీళ్లల్లకు వదిలిన్రు గదా, ఒడ్డంత డాంబర్ పెచ్చులు. రాళ్లకు నలుపు, గవ్వలకు నలుపు. ఎండ్రికాయ ఒక్కటి కానరాలే. సార్ నడవలే, ఏం చెయ్యలే. డాంబర్ లేని జాగ చూసి తవ్వుడు మొదలువెట్టిండు. మేము చూస్తున్నం. పొడుగ్గ తవ్వి, అండ్ల దిగి, కాళ్లు చాపి కూసున్నడు. కూసోని మాట్లాడిండు. ఖాదర్ భాయ్ చిన్నగ, మా మొఖాలు చూడకుండ చెప్పిండు.

"సార్ అంటుండు... నాకు భయమైంది. పేర్లు పిలుస్తున్నరు. నా పేరు పిలవంగనే కాళ్లు వాటంతటవే నడిచినయ్. మీరు యాదికి రాలే అంటే అబద్ధమైతది. యాదికొచ్చిన్రు. అయినా ఎక్కిన. మొదటి బస్సే ఎక్కిన. మా నాయిన ఇప్పుడు లేడు. ఉంటే ఆయన ముంగటికి పోకపోదును."

గంత చెప్పి సార్ ఎల్లెలకల పండుకున్నడు. మొఖంల నవ్వు లేదు. కప్పున్రి అని సైగ చేసిండు.

నాకు శరంతోటి చెవులు మండినయ్. తప్పు చేసింది ఆయన, శరం నాకెందుకు? నాకు తెల్వది. ఒక పెద్దమనిషి మా కాళ్లకాడ గట్ల పండుకొని అడుగుతుంటే, భూమి పలిగి నేనే అండ్ల పోతే బాగుండనిపించింది.

మల్లయ్య మామ గుంత అంచు మీద గొంతుకూసున్నడు. "ఖాదర్, గీ మాట సరిగ్గ చెప్పు. అటిటు చెయ్యకు" అన్నడు. "మాకు సుతం బుగులైందని చెప్పు. మేము ఈడున్నది మగతనముండి కాదు. మాకు బండి రాలే, గంతే. బండి అస్తె ఎక్కకపోదుమా? సార్ ఇంక ఎన్కనే ఉన్నడు, ఆగుదాం అని ఎవడన్న ఆగునా? నేనైతె ఆగకపోదును."

ఖాదర్ భాయ్ గుంత కాడ వంగిండు. ఒక్క మాట పొల్లుపోకుండ చెప్పిండు. సార్ లేచి కూసున్నడు.

మామ లేచి సముద్రం దిక్కు నడిచిండు. నీళ్ల అంచుకు పోయి వంగి, దోసిళ్లతోటి తడి ఉసికె తువ్వాలల ఎత్తుకున్నడు. అలొచ్చి కాళ్లు తడిపింది. శుక్రారం. డాంబర్ బెడ్డలు ఏరిపారేసి, తెచ్చి, సార్ కుడికాలు మీద పోసి, చేతులతోటి మెల్లగ తట్టిండు. మా దిక్కు పిల్లలు కట్టరా పిట్టగూడు, గట్ల. "ఇప్పుడు కాలు గుంజు సారూ. మెల్లగ" అన్నడు. ఖాదర్ భాయ్ చెప్పే పని లేకుండె. సార్ మెల్లగ కాలు గుంజిండు. గూడు కూలలే. ముంగట దర్వాజ తీరుగ నిలవడ్డది.

"మా దిక్కు సుతం పిల్లలు నాయిన మీద ఉసికె కప్పుతరు" అన్నడు మామ. "గని కాలు మీదనే. గూడు కట్టుకుంటరు. బొంద పెట్టరు."

సార్ మొఖం అటు తిప్పుకున్నడు. నేను సముద్రం దిక్కు చూసిన.

ఆ ఎన్క అన్ని మునుపటి తీరుగ అయినయని చెప్తే అబద్ధమైతది. శుక్రారాలు మళ్ల పోయినం, నడిచినం, చాయ తాగినం. నవ్వులు సుతం వచ్చినయ్. గని సార్ దస్తికి ముడులెయ్యలే. బస్సు తలుపు కాడ ఆఖరుకు నిలవడుడు ఇడువలే.

ఇంకో ఏడాదికి పైపులైన్ ఒడిసింది. మా గుంపందరికి పాస్‌పోర్టుల మీద ఎగ్జిట్ ముద్ర కొట్టిన్రు, ఇగ ఇంటికే. సార్‌కు మాత్రం లెక్కలు అప్పజెప్పే పని ఉన్నదని ఇంకొన్ని నెలలు ఆడనే ఉంచిన్రు. మేము పోయే దినం పొద్దుగాల క్యాంపు ముంగట బస్సు నిలిచింది. కొత్త బట్టలు, దారాలతోటి కట్టిన పెట్టెలు, అత్తరు వాసన. పెద్ద మేనేజర్లు సుతం వచ్చి నిలవడ్డరు. సార్ తలుపు కాడ నిలవడి ఒక్కొక్కని భుజం మీద చెయ్యేసి ఎక్కిస్తున్నడు. అందరికన్న ఎన్క మల్లయ్య మామ. మామ మెట్టు మీద కాలు పెట్టి ఆగి, "నువ్వెప్పుడత్తవు సారూ?" అని అడిగిండు. తెలుగుల్నే అడిగిండు. సార్ ఏం సమజైందో ఏమో, మామను మెల్లగ లోపలికి నూకి తలుపు మూసిండు.

మూసినంక జేబుల నుంచి తెల్ల దస్తి తీసిండు. ఒక్కొక్క కొసకు ముడేసిండు. గా మేనేజర్లందరి ముంగట నెత్తిమీద పెట్టుకున్నడు. ఒక మేనేజర్ నవ్విండు. సార్ పట్టిచ్చుకోలే.

బస్సు కదిలింది. ఏండ్లకేండ్లకు ఇంటికి పోతున్నం, లోపల పాటలు పాడాలె, కేకలెయ్యాలె. ఒక్కడు నోరు తెరవలే. అద్దంల చూస్తే మేనేజర్లు అప్పుడే పోయిన్రు, ఆయన ఒక్కడే గేటు కాడ. ఉత్త క్యాంపు, ఉత్త గదులు, గా ముడుల దస్తి. ఎన్కకు తిరిగి చూడబుద్ధి కాలే. ఒకని మొఖం ఒకడు చూసుకుందామన్నా శరమైంది. పోయేటోనికి ఎట్లుంటదో గప్పుడు తెలిసింది.

మల్లయ్య మామ తువ్వాలతోటి మొఖం తుడుచుకుంట నా పక్కకు కూసున్నడు. గేటు కానరాకుండ పోయినంక అన్నడు:

"సూసినవా రాజేశా. బండి అచ్చింది. ఎక్కినం."